కొండకో రైఫిల్, గురికో రైఫిల్

ఇక్కడ స్విట్జర్లాండ్ కూర్ పట్నంలో రైలెక్కితే ఇరవై ఏళ్ల పిల్లలు సైనిక రైఫిల్ భుజాన తగిలించుకుని, పక్కనున్న ముసలమ్మతో మంచు గురించి మాట్లాడుతుంటారు. ఎవరూ తలెత్తి చూడరు. ఎలక్షన్లొస్తే లైసెన్సు తుపాకులు పోలీస్ స్టేషన్లో అప్పజెప్పే కోలారు జిల్లా టేకల్ నుంచి వచ్చిన నాకు ఇది వింతే. అందుకే ఈ దేశం కథ తెలుసుకోవాలనిపించింది.

స్విట్జర్లాండ్ సైన్యమంటే ప్రధానంగా రైతులు, పాలవాళ్లు, గడియారాలు చేసేవాళ్లలాంటి మామూలు జనమే. ఆయుధం సిపాయి దగ్గరే ఉండాలని 1874 రాజ్యాంగంలోనే రాసుకున్నారు. ఇంట్లో రైఫిల్ ఉంటే సరిపోదు, గురి కూడా ఉండాలి కదా. అందుకే ఊళ్లలో 300 మీటర్ల గురి మైదానాలు వెలిశాయి. వేసవి మొదట్లో ఫెల్డ్‌షీసెన్ అనే గురి పండగ జరుగుతుంది. 18 తూటాలు, ఒక్కోదానికి ఎక్కువలో ఎక్కువ 4 పాయింట్లు, మొత్తం 72. తాతలూ మనవరాళ్లూ ఒకే వరసలో పడుకుని కాలుస్తారు. ఆ దృశ్యం నాకెంతో ఇష్టం.

ఈ అలవాటు రైఫిల్ తయారీలోనూ కనిపిస్తుంది. 1931లో వచ్చిన కె31 సైనిక రైఫిల్ సుమారు 4 కిలోలుంటుంది. బోల్టును తిప్పనక్కర్లేదు, నేరుగా లాగి తోస్తే చాలు. యుద్ధానికి చేసిందే అయినా గురి పోటీలకూ పనికొచ్చేంత నికరంగా ఉంటుంది. ఒకే ఆయుధం రెండు పనులూ చేయాలన్నది ఈ దేశం పెట్టుకున్న పట్టుదల.

కానీ పోటీలో పైకి రావాలనుకునేవాళ్లు, వేటకెళ్లేవాళ్లు ఆ ఒక్కదానితో ఆగరు. ఎందుకో మన ఎద్దుల్ని చూస్తే తెలుస్తుంది. శివరాత్రికి మన కోలారు వైపు ఆవణి జాతరలో హళ్లికార్ ఎద్దుల జతలు చూశారు గదా. మెడ చూస్తారు, గిట్ట చూస్తారు, పళ్లు చూస్తారు. ముస్తాబుకు మేపిన ఎద్దుకు వెల ఎక్కువే, కానీ దాన్ని జేడిమన్ను చేలో నాగలికి కడితే? దుక్కి ఎద్దును చూసి జాతరలో ఎవరూ ఆగరు, అయినా ఇంటికి రాగులొచ్చేది దానివల్లే. రైఫిలూ అంతే. పోటీది 8 కిలోల దాకా ఉండొచ్చు. బరువుంటే కదలదు. చెంప ఆనే చోటు, భుజానికి ఆనే చోటు మన ఒంటికి తగ్గట్టు సర్దుకోవచ్చు. 300 మీటర్ల దూరాన 10 సెంటీమీటర్ల నడివలయంలో తూటా మీద తూటా పడాలి, అదే దాని పని. కొండెక్కే వేటగాడికి ఆ బరువు శిక్ష. అతనికి కావలసింది చల్లని గొట్టంలోంచి వెళ్లే మొదటి తూటా నమ్మకం, వానలో ఆగే స్కోప్, చేతి తొడుగుతోనూ పనిచేసే బోల్టు. రెండో తూటాకు జింక నిలబడదు.

కూర్ ఉన్న మా గ్రౌబుండెన్ రాష్ట్రంలో చాలాకాలం వేట రైఫిల్ తూటా వెడల్పు 10.2 మిల్లీమీటర్లకు తగ్గకూడదన్న చట్టం ఉండేది. అలాంటి బరువైన తూటా నెమ్మదిగా వెళ్తుంది, అందుకే దూరం వెళ్లేకొద్దీ బాగా కిందికి వాలుతుంది, కాబట్టి జంతువుకు దగ్గరగా వెళ్లక తప్పదు. దూరం నుంచి కాల్చి గాయపడ్డ జంతువును వదిలేయడం కంటే ఇది ఎంతో మేలు. ఈ చట్టం చదివినప్పుడు ఈ దేశం మీద నాకు గౌరవం పెరిగింది.

మన దగ్గర 1972 వన్యప్రాణి చట్టం, దాని 1991 సవరణ వచ్చాక వేట సంగతి దాదాపు ముగిసింది. పైగా టేకల్ గుండ్లకు తగిలిన తూటా ఎటు మళ్లుతుందో, ఏ మేకలకాపరి మీదికి పోతుందో ఎవరూ చెప్పలేరు. కొండకు రైఫిల్ ఎంచుకునే అవసరం మనకు లేదు.

గురికి మాత్రం ఉంది. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్‌లో కంచు పతకం తెచ్చింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌తోనే. అందులో 10 పాయింట్ల చుక్క వెడల్పు అర మిల్లీమీటరు. బళ్లో ఒక పొడుగాటి గది, వెనక గట్టి గోడ, పక్కన నేర్పించే మనిషి ఉంటే మొదలుపెట్టొచ్చు. మాలూరు, బంగారపేట బళ్ల పెద్దలు ఒక్కసారి ఆలోచించండి.