డిజిటల్ గ్రంథాలయాలు: చెన్నూరు విద్యార్థికి చేరేదెంత?

గోదావరి ఒడ్డున, మంచిర్యాల జిల్లాలో ఉన్న చెన్నూరు ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గం. అక్కడి దళిత విద్యార్థి పాత పుస్తకమో, పత్రికో చూడాలంటే చాలావరకు హైదరాబాదు పోవాల్సిందే. బస్సు చార్జీలు, బస ఖర్చు భరించగలిగినవారికే పరిశోధన. ఈ అడ్డు తొలగించాల్సినవి డిజిటల్ గ్రంథాలయాలు.

ఏమున్నాయి?

2000ల ఆరంభంలో రాజ్‌రెడ్డి చొరవతో మొదలైన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాలో బెంగళూరు ఐఐఎస్సీ, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ పాలుపంచుకున్నాయి. వేలాది తెలుగు పుస్తకాలు స్కాన్ అయ్యాయి. కాపీరైట్ అభ్యంతరాల తర్వాత ఆ సైటు అందుబాటులో లేకుండా పోయింది. చాలా పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో నిలిచాయి. ఐఐటీ ఖరగ్‌పూర్ నడిపే నేషనల్ డిజిటల్ లైబ్రరీని 2018 జూన్ 19న జాతికి అంకితం చేశారు.

కాపీరైట్ లెక్క

1957 చట్టం ప్రకారం రచయిత మరణించిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు హక్కు ఉంటుంది. అంబేడ్కర్ 1956లో మరణించారు. కాబట్టి ఆయన జీవితకాలంలో అచ్చయిన రచనలు 2017 జనవరి 1 నుంచి అందరివీ అయ్యాయి. 1936 నాటి ‘కులనిర్మూలన’ ఇంగ్లీషు మూలాన్ని ఎవరైనా అచ్చేయవచ్చు, నెట్‌లో పెట్టవచ్చు. తెలుగు అనువాదానికి మాత్రం అనువాదకుల హక్కు వేరుగా ఉంటుంది. 1971లో మరణించిన జాషువా రచనలు 2032లో గానీ విడుదల కావు. అంటే ఇంగ్లీషు రానివారికి తలుపు సగమే తెరుచుకుంది.

దొరకని పుస్తకం

స్కాన్ చేసిన పేజీ బొమ్మ మాత్రమే. అక్షరాలుగా మార్చకపోతే అందులో ‘మాదిగ’, ‘మాల’, ‘వెట్టి’ అని వెతికినా ఏమీ రాదు. పైగా చాలా తెలుగు పుస్తకాల పేర్లు రోమన్ లిపిలో, తప్పుల తడకగా నమోదయ్యాయి. ఏది స్కాన్ చేయాలన్నదీ అసలు ప్రశ్నే. పెద్ద గ్రంథాలయాల అల్మారాల్లోకి చేరని దళిత సంఘాల కరపత్రాలు, చిన్న పత్రికలు డిజిటల్‌లోకీ రాలేదు.

మనం చేయగలిగింది

ఇంటి పన్నుతోపాటు మనం గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. మున్సిపాలిటీ ఎంత వసూలు చేసింది, జిల్లా గ్రంథాలయ సంస్థకు ఎంత జమచేసింది అని సమాచార హక్కు చట్టం కింద అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఆ డబ్బుతో శాఖా గ్రంథాలయంలో కంప్యూటర్లు, ఉచిత నెట్, స్కానర్ పెట్టాలని డిమాండ్ చేయండి. కాపీరైట్ తీరిన పుస్తకాలను తెలుగు వికీసోర్స్‌లో టైపు చేయండి. వాడల్లో పెద్దల ట్రంకు పెట్టెల్లో ఉన్న కరపత్రాలను చెదలు పట్టకముందే, వారి అనుమతితో స్కాన్ చేయండి. మన చరిత్ర మన చేతుల్లోంచే అందులోకి చేరాలి.