మావిలో పుట్టు కాన్సరు

సామాన్యముగా కాన్సరు కణములు రోగి శరీరములోని కణములనుండియే పుట్టును. కాని గర్భాశయమునందు కనబడు ఒక అరుదైన కాన్సరు ఈ నియమమునకు లోబడదు. గర్భమునకు సంబంధించి అది పుట్టినపుడు, దాని కణములు తల్లివి కావు. ఆమె గర్భములో ఏర్పడిన మావికి చెందినవి. దీనిని కోరియోకార్సినోమా అందురు. గడ్డగా పుట్టి దేహమంతటికి ప్రాకిన రాచపుండును సైతము మందుతోనే నయము చేయవచ్చునని మొదట రుజువు చేసినది ఈ వ్యాధియే. ఆ మందు తయారైన పరిశోధనశాలకు నాయకుడు ఒక ఆంధ్రుడు.

గర్భము కలిగిన కొలది దినములకే పిండమును ఆవరించి ట్రోఫోబ్లాస్టు అను కణపొర ఏర్పడును. ఈ కణములు గర్భాశయపు గోడలోనికి చొచ్చుకొనిపోయి, తల్లి రక్తనాళములను తెరచి, మావిని నిర్మించును. సహజమైన గర్భములో ఈ చొరబాటు ఒక హద్దువద్ద నిలిచిపోవును. హద్దు లేక సాగినచో అదియే కాన్సరగును. ఈ గడ్డకు తనదంటూ రక్తనాళముల అల్లిక ఉండదు. అది తల్లి నాళములనే కొరికివేయును. అందుచేత గడ్డలో రక్తస్రావము అధికము, నడిమిభాగము చచ్చిపోయియుండును. నాళములలో పడిన కణములు రక్తముతోపాటు ప్రయాణించి ఊపిరితిత్తులను, యోనిని, కాలేయమును, మెదడును చేరును. ఎక్కువగా చేరునది ఊపిరితిత్తులనే.

ఈ వ్యాధి ఎంత అరుదు? ఐరోపా, ఉత్తర అమెరికా ఖండములలో సుమారు 40,000 గర్భములకు ఒకటి. జపానులో అన్ని గర్భములకే మూడు, ఆగ్నేయాసియాలో తొమ్మిది వరకు కనబడినట్లు నివేదికలున్నవి. ఆమదాలవలస పట్టణమును ఉదాహరణగా తీసికొందము. 2011 జనాభా లెక్కలలో అచట సుమారు 40 వేలమంది కలరు. ఏటా 700 గర్భములు కలుగుననుకొన్నచో, మొదటి లెక్కనుబట్టి 57 ఏండ్లకొక్కసారి, చివరి లెక్కనుబట్టి ఆరేండ్లకొక్కసారి ఈ వ్యాధి కనబడవలెను. అనగా చిన్న ఊరి వైద్యుడు దీనిని తన జీవితములో ఒకటి రెండుసార్లు చూచుటయే గొప్ప. పెద్ద ఆసుపత్రుల లెక్కలలో ఈ సంఖ్య హెచ్చుగా నుండును. కష్టమైన రోగములన్నియు అచటికే చేరుట అందుకు ఒక కారణము.

ఈ రోగులలో సుమారు సగముమందికి ముందుగా ముత్యాల గర్భము వచ్చియుండును. అందు శిశువునకు బదులు, మావి నీటిబుడగలవలె ఉబ్బి ద్రాక్షగుత్తిగా మారును. తక్కినవారికి గర్భస్రావము తరువాతనో, మామూలు కాన్పు తరువాతనో ఈ వ్యాధి వచ్చును. ఈ సంబంధము వైద్యులకు వెంటనే తెలియలేదు. 1889లో జర్మను వైద్యుడు సేంగరు ఈ గడ్డను వర్ణించి, ఇది తల్లి గర్భాశయపు లోపొరనుండి పుట్టినదని భావించెను. 1895లో మార్కాండు అను మరియొక జర్మను శాస్త్రజ్ఞుడు ఆ కణములను సూక్ష్మదర్శినితో పరిశీలించి, అవి మావిని నిర్మించు కణములేనని నిరూపించెను.

ఆ 1895లోనే భీమవరమున యల్లాప్రగడ సుబ్బారావు జన్మించెను. ఆయన సోదరులిద్దరు స్ప్రూ అను జీర్ణకోశవ్యాధితో మరణించిరి. మద్రాసులో వైద్యము చదివి, 1922లో ఆయన అమెరికా చేరెను. 1940లో లెడర్లీ కంపెనీ పరిశోధనశాలలో ప్రవేశించెను. ఆయన నాయకత్వమున అచటి శాస్త్రజ్ఞులు ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసిరి. స్ప్రూ రోగులకు కలుగు రక్తహీనతకు అది ఔషధమైనది. కణము విభజన చెందుటకు ఫోలిక్ ఆమ్లము అవసరము. దానిని పోలియుండి, దాని పనిని అడ్డగించు పదార్థములను కూడ ఆ బృందమే తయారుచేసినది. వానిలో అమినోప్టెరినును 1947లో సిడ్నీ ఫార్బరు రక్తకాన్సరుగల పిల్లలకిచ్చి, తాత్కాలికముగనైనను గుణము కనబరచెను. రెండవది మెథోట్రెక్సేటు. అది కోరియోకార్సినోమాపై పనిచేయుట సుబ్బారావు చూడలేదు. 1948 ఆగస్టులో ఆయన కన్నుమూసెను.

అమెరికా జాతీయ కాన్సరు సంస్థలో రాయ్ హెర్ట్జ్, చైనాలో జన్మించిన మిన్ చియు లీ కలిసి ఈ మందును వాడిచూచిరి. కోడిపిల్లల అండవాహికపై ఈస్ట్రోజెను పనిచేయుటకు ఫోలిక్ ఆమ్లము కావలెనని హెర్ట్జ్ అంతకుముందే కనుగొనియుండెను. వేగముగా పెరుగు మావికణములకును అది లేనిచో బ్రతుకు లేదని వారి ఊహ. 1956లో వారు తమ ఫలితములను ప్రకటించిరి. ఊపిరితిత్తులలోని గడ్డలు కరిగిపోయినవి. అంతకుముందు వ్యాధి ఇంతదూరము ప్రాకిన స్త్రీలలో అధికసంఖ్యాకులు ఏడాదిలోపలనే మరణించెడివారు.

ఇచట ఒక చిక్కు వచ్చెను. మావికణములు హెచ్.సి.జి. అను హార్మోనును స్రవించును. గర్భనిర్ధారణ పరీక్షలలో వెదకునది దీనినే. గడ్డలు మాయమైన తరువాతను కొందరి మూత్రములో ఈ హార్మోను కొద్దిగ మిగిలియుండెను. అది పూర్తిగ పోవువరకు మందు ఇవ్వవలెనని లీ పట్టుపట్టెను. ఆరోగ్యముగా కనబడు స్త్రీలకు విషతుల్యమైన మందేలనని పైవారు అభ్యంతరము చెప్పిరి. లీ ఆ సంస్థను వీడవలసివచ్చెను. కాని కాలము ఆయన పక్షముననే తీర్పు చెప్పినది. హార్మోను పోకముందే మందు మానినవారికి వ్యాధి తిరుగబెట్టినది. చివరివరకు వాడినవారు బ్రతికిరి. 1972లో లీ, హెర్ట్జ్ ఇరువురికి లాస్కరు బహుమానము లభించెను.

నేడు తగిన చికిత్స పొందినచో, తక్కువ ప్రమాదస్థితిలో నున్న రోగులు దాదాపు అందరును, ఎక్కువ ప్రమాదస్థితిలోనివారిలో కూడ అత్యధికులును కోలుకొనుచున్నారు. పెక్కుమంది తరువాత బిడ్డలను కూడ కనుచున్నారు. అయితే వ్యాధిని పోల్చినప్పుడే ఈ ఫలము. ముత్యాల గర్భమును తీసివేసిన పిమ్మట, హెచ్.సి.జి. సహజస్థితికి వచ్చువరకు వారమునకో, రెండు వారములకో పరీక్ష చేయించుకొనవలెను. వైద్యులు చెప్పినంతకాలము మరల గర్భము రాకుండ చూచుకొనవలెను. కాన్పు లేక గర్భస్రావమైన తరువాత వారములు గడచినను రక్తస్రావము ఆగనిచో, అది మామూలేయని ఊరకుండరాదు. ఒంట్లో బాగుగనున్నదని పరీక్షలు మానుట ప్రమాదము. ఈ వ్యాధిలో కంటికి కనబడని శేషమును చూపునది ఆ పరీక్షలోని అంకెయే.