చీముకు ఆకుపచ్చ రంగునిచ్చే ఎంజైమ్

పుండులోని చీము కొన్నిసార్లు ఆకుపచ్చగా ఉంటుంది. ఆ రంగులో ఎక్కువ భాగం మన తెల్ల రక్తకణాల నుంచే వస్తుంది. 1941లో స్వీడన్ శాస్త్రవేత్త షెల్ ఆగ్నర్ క్షయ రోగుల ఊపిరితిత్తుల చుట్టూ చేరిన చీములోంచి ఆ రంగునిచ్చే పదార్థాన్ని వేరుచేశాడు. రంగును బట్టి దానికి వెర్డోపెరాక్సిడేజ్ అని పేరు పెట్టాడు. ఇప్పుడు దాన్ని మైలోపెరాక్సిడేజ్ అంటున్నారు. న్యూట్రోఫిల్ అనే తెల్ల కణాన్ని ఎండబెట్టి తూస్తే, బరువులో 5 శాతం దాకా ఇదే ఉంటుంది.

అంత సరుకు దేనికో 1960లలో అమెరికా శాస్త్రవేత్త సీమోర్ క్లెబనాఫ్ తేల్చాడు. హైడ్రోజన్ పెరాక్సైడ్, క్లోరైడ్ దొరికితే ఈ ఎంజైమ్ హైపోక్లోరస్ ఆమ్లాన్ని తయారుచేసి సూక్ష్మజీవుల్ని చంపుతుంది. మంచినీళ్ల ట్యాంకులో కలిపే బ్లీచింగ్ పౌడరు పనిచేసేదీ ఈ ఆమ్లంతోనే.

ఇక రెండో కథ రక్తనాళాలది. అప్పటికి రక్తనాళం లోపలి పొర, అంటే ఎండోథీలియం, మీద పెద్దగా ఎవరి దృష్టీ లేదు. ఒక్క కణం మందం ఉండే ఆ పొర ఉత్త అస్తరు అనుకునేవారు. 1980లో శాస్త్రవేత్త రాబర్ట్ ఫర్చ్‌గాట్ కుందేలు బృహద్ధమని ముక్కలతో ఆ మాట తప్పని చూపించాడు. పొర ఉన్న ముక్కకు ఎసిటైల్‌కోలిన్ తగిలిస్తే నాళం సడలింది. పొరను గీకేస్తే సడలలేదు. పొర పంపే ఆ సంకేతం నైట్రిక్ ఆక్సైడ్ అని తర్వాత తెలిసింది. 1998 నోబెల్ దానికే వచ్చింది. ఇంత తేలికైన ప్రయోగం ఇంత దూరం తీసుకెళ్లడం నాకు ఇప్పటికీ అబ్బురమే.

ఈ రెండు కథలూ గుండెజబ్బు దగ్గర కలిశాయి. 1994లో, కొవ్వు పేరుకుని గట్టిపడిన మానవ ధమనుల్లో మైలోపెరాక్సిడేజ్ కనిపించింది. అక్కడికి ఎలా చేరింది? ఈ ఎంజైమ్‌ది ధనావేశం, నాళపు పొర మీది చక్కెర గొలుసులది రుణావేశం. అందుకే అతుక్కుంటుంది. కణాలు దాన్ని ఒకవైపు లోపలికి తీసుకుని అవతలివైపు వదులుతాయి. అలా పొర వెనక మకాం వేసి, పొర చేసిన నైట్రిక్ ఆక్సైడ్‌ను అక్కడికక్కడే ఖర్చు చేసేస్తుంది. నాళం సడలడం తగ్గుతుంది. 2002లో ఈ సంగతి బయటపడింది. మరుసటి ఏడాది, ఛాతీనొప్పితో వచ్చినవారి రక్తంలో ఈ ఎంజైమ్ ఎక్కువగా ఉంటే ముందుముందు గుండెపోటు ముప్పు ఎక్కువని క్లీవ్‌లాండ్ పరిశోధకులు చూపారు.

నాకు అన్నిటికంటే నచ్చే ఆధారం 2006 నాటిది. హెపారిన్ ఇస్తే, నాళాల గోడను పట్టుకున్న ఎంజైమ్ ఊడి రక్తంలోకి వచ్చింది, నాళాలు మునుపటి కంటే బాగా సడలాయి. హెపారిన్ రక్తాన్ని పలచబరిచే మందని మాత్రమే అనుకోవడం ఇక చాలదు.

పుట్టుకతోనే ఈ ఎంజైమ్ కొరవడినవారిలో చాలామంది మామూలుగానే జీవిస్తున్నారు. కాబట్టి దాన్ని కొంత అణచే మందుల కోసం వెతకడం సబబైన పనే. అలాంటి మందులు ఇప్పటికే మనుషుల మీద పరీక్షల దాకా వచ్చాయి.