బిళ్ళ వెనుక వైపు

తెల్లవారుజామున సత్యవేడు రోడ్డు మీద కంపెనీ బస్సుల కోసం నిలబడ్డ యువతీ యువకులను చూడండి. 2008లో శ్రీసిటీ వెలిసిన తరువాత ఈ ప్రాంతపు ఉదయం ఇలాగే మొదలవుతున్నది. వారి మెడలో సాధారణంగా రెండు వస్తువులు కనిపిస్తాయి. ఒకటి వేంకటేశ్వరుని బొమ్మ ఉన్న డాలరు. రెండవది నాడాకు వేలాడే గుర్తింపు కార్డు. మొదటిది వారు ఇష్టపడి ధరించినది. రెండవది లేకపోతే గేటు తెరుచుకోదు.

సత్యవేడు వారికి మారకం అనే మాటను అర్థశాస్త్ర గ్రంథాల నుండి నేర్పవలసిన పనిలేదు. పటాస్కర్ సిఫార్సుల మేరకు 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి పోగా, చెంగల్పట్టు జిల్లాకు చెందిన సత్యవేడు ప్రాంతం ఆంధ్రకు వచ్చింది. పొలాలు కదలలేదు, చెరువులు కదలలేదు; కచేరీ మారింది, కాగితం మీది పేరు మారింది. 2022లో చిత్తూరు జిల్లా నుండి తిరుపతి జిల్లాలోకి మరొకసారి మారింది. ఏ మారకంలోనైనా మారేదేమిటి, మారనిదేమిటి, లెక్క రాసేదెవరు అని అడగడం ఇక్కడివారికి సహజం.

అదే ప్రశ్నను ఒక అతి చిన్న వస్తువును చేతబట్టుకొని అడగాలని ఈ వ్యాసం ఉద్దేశం. ఆ వస్తువు అమెరికా వినోదవనాలలో పిల్లలూ పెద్దలూ సేకరించి ఒకరితో ఒకరు మార్చుకొనే పిన్ను. సత్యవేడులో ఆ వ్యాపారం లేదు. కాని అక్కడి పిన్నులను కూడా మెడలో వేసుకొనే నాడాకే గుచ్చుతారు. ఆ నాడాకూ మన కార్మికుల మెడలోని నాడాకూ గల చుట్టరికాన్ని గ్రహించాలంటే ముందు బిళ్ళ చరిత్ర కొంత తెలుసుకోవాలి.

తెలుగులో బిళ్ళ అన్న మాటకు వంశాలు అనేకం. పాపిటబిళ్ళ, జడబిళ్ళ అలంకారానికి చెందినవి. తపాలాబిళ్ళ ప్రభుత్వానిది. బిళ్ళబంట్రోతు అనే మాటలో వలసపాలన అంతా ఇమిడి ఉన్నది. కలెక్టరు కచేరీ ముందు, భుజం మీదుగా వేసిన అడ్డపట్టెకు ఇత్తడి బిళ్ళ తగిలించుకొని నిలబడే ఆ జవానుకు స్వంతంగా ఏ అధికారమూ లేదు. అయినా ఊళ్లో రైతు ఆ బిళ్ళను చూసి వణికాడు. రైల్వే కూలీ చేతికి కట్టుకొన్న ఇత్తడి బిళ్ళ మీద అతని పేరు లేదు, అంకె ఉన్నది. 2016లో రైల్వేశాఖ కూలీ అన్న పేరును తీసివేసి సహాయక్ అన్నది. మోసే బరువు మాత్రం మారలేదు. ఈ బిళ్ళలు మనిషిని ఇంకొకరి సొత్తుగా గుర్తుపట్టడానికి పుట్టినవి.

దీనికి భిన్నమైన వంశం యాత్రికుని బిళ్ళ. మధ్యయుగాల ఐరోపాలో పుణ్యక్షేత్రానికి పోయినవాడు తగరం, సీసం కలిపి పోసిన చవక బిళ్ళ ఒకటి కొని టోపీకి కుట్టుకొని తిరిగివచ్చేవాడు. 1170లో హత్యకు గురైన బెకెట్ సమాధి చూడడానికి కాంటర్‌బరీకి పోయినవారి బిళ్ళలు థేమ్సు నది బురదలో నేటికీ దొరుకుతున్నాయి. స్పెయిన్‌లోని శాంతియాగోకు పోయినవారి గుర్తు సముద్రపు గుల్ల. ఆ గుల్లలను క్షేత్రం వెలుపల అమ్మినవారిని మతం నుండి వెలివేసే అధికారాన్ని 13వ శతాబ్దంలో పోపులు అక్కడి ఆర్చిబిషప్పుకు ఇచ్చారు. సముద్రం ఉచితంగా ఒడ్డుకు వేసిన గుల్ల మీద గుత్తాధిపత్యం! స్విట్జర్లాండులోని ఐన్సీడెల్న్ క్షేత్రంలో 1466లో రెండు వారాల ఉత్సవంలో దాదాపు 1,30,000 బిళ్ళలు అమ్ముడుపోయినవని చరిత్రకారులు రాశారు. అచ్చుయంత్రంతో ప్రపంచాన్ని మార్చిన గూటెన్‌బర్గ్ కూడా అంతకుముందు భాగస్వాములతో కలిసి, ఆహెన్ యాత్రికులకు అమ్మడం కోసం చిన్న అద్దాల బిళ్ళలు చేయించాడు. యాత్ర అనుకొన్న సంవత్సరం కాక 1440కి వాయిదాపడడంతో వారి పెట్టుబడి చిక్కులో పడింది. భక్తి, లోహం, పెట్టుబడి - ఈ మూడూ అప్పుడే ఒకే అచ్చులో పడినవి.

ఇది మనకు కొత్తగా తోచదు. తిరుమలలో దేవస్థానం వారే రెండు, ఐదు, పది గ్రాముల బంగారు డాలర్లు అమ్ముతున్నారు. మెడలో వేసుకొనే బిళ్ళను మనవాళ్ళు డాలరు అనడంలోనే నాణేనికీ బిళ్ళకూ ఉన్న బంధుత్వం కనిపిస్తుంది. ఐతే ఒక భేదం గమనించాలి. యాత్రికుడు తన డాలరును ఇంకొకనితో మార్చుకోడు. తాను కొండ ఎక్కివచ్చిన జ్ఞాపకం అందులో ఉన్నది. అవసరమొస్తే బంగారం కుదువబెడతాడు గాని, జ్ఞాపకాన్ని మార్పిడికి పెట్టడు.

బిళ్ళ చేతులు మారడం మొదలైనది యంత్రయుగంలో. 1896లో అమెరికాలోని నెవార్క్‌లో వైట్‌హెడ్ అండ్ హోగ్ కంపెనీ సెల్యులాయిడు పొర కప్పిన గుండీబిళ్ళకు పేటెంటు సంపాదించింది. ఆ ఏడాది మెకిన్లీ, బ్రయన్‌ల ఎన్నికలలో అవి విరివిగా పంచబడినవి. అదే ఏడాది ఏథెన్సు ఒలింపిక్సులో క్రీడాకారులనూ న్యాయనిర్ణేతలనూ గుర్తించడానికి అట్టబిళ్ళలు వాడారు. తరువాతి ఒలింపిక్సులలో భాష తెలియని ఇద్దరు క్రీడాకారులు తమ దేశపు బిళ్ళలను మార్చుకోవడం స్నేహానికి మర్యాద అయినది. 1957లో మాస్కోలో జరిగిన ప్రపంచ యువజనోత్సవానికి 131 దేశాల నుండి 34,000 మంది వచ్చారు. అక్కడ వీధులలో యువజనులు రొమ్ము మీది బిళ్ళలను విప్పి ఒకరికొకరు గుచ్చుకొన్నారు. ఈ మార్పిడిలో లాభం లేదు, ధర లేదు. నీ ఊరు నా రొమ్ము మీద, నా ఊరు నీ రొమ్ము మీద - అంతే.

మన శిబిరంలో బిళ్ళకు ఏ జబ్బూ సోకలేదని చెప్పుకోవడం చరిత్రకు ద్రోహం. చైనాలో 1966 తరువాత మావో బిళ్ళలు వందల కోట్లలో తయారైనవి. నగరాలలో వీధిమూలల్లో వాటి మార్పిడి సంతలు లేచినవి. పెద్ద బిళ్ళకు ఇన్ని చిన్న బిళ్ళలని రేట్లు పలికినవి. విమానాలకు పనికివచ్చే అల్యూమినియం బిళ్ళలకు పోతున్నదని మావోయే అభ్యంతరం చెప్పాడని ప్రతీతి. 1969లో పార్టీ కేంద్రసంఘం ఆ తయారీని అదుపుచేసింది. విప్లవ చిహ్నమైనా సరే, మనిషి చేతిలో నుండి జారి మనిషి మీద పెత్తనం చేయగలదని దీనివలన తెలుస్తున్నది. 1867లో వచ్చిన 'కాపిటల్' మొదటి సంపుటంలో మార్క్స్ వివరించిన సరకుమాయ జెండా రంగు చూసి ఆగదు.

ఈ నేపథ్యంలో వినోదవనపు పిన్ను దగ్గరకు వద్దాము. వ్యాపార సంస్థలు స్నేహపు మార్పిడిని గమనించినవి. 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్సు నాటికి ప్రేక్షకులలో పిన్నుల వ్యామోహం ముదిరింది. 1988లో కాల్గరీ శీతాకాలపు ఒలింపిక్సులో కోకా-కోలా కంపెనీ మార్పిడికి ప్రత్యేక కేంద్రమే తెరిచింది. 1999 అక్టోబరులో, కొత్త సహస్రాబ్ది ఉత్సవాల పేర, ఫ్లోరిడాలోని డిస్నీ వనంలో పిన్నుల మార్పిడి మొదలైనది. త్వరలోనే అది కాలిఫోర్నియాకూ, పారిస్‌కూ, ఆ తరువాత హాంకాంగుకూ పాకింది.

దాని నిబంధనలు చూడదగినవి. ఉద్యోగి మెడలోని నాడా మీద పన్నెండో ఇంకెన్నో పిన్నులు ఉంటాయి. అతిథి అందులో ఒకటి కోరి, కంపెనీ ముద్రగల లోహపు పిన్ను ఇస్తే ఉద్యోగి కాదనరాదు. ఒకదానికి ఒకటే. ఒక ఉద్యోగితో రోజుకు రెండు మార్పిడులే. ఆకుపచ్చ నాడా వేసుకొన్న ఉద్యోగి పిల్లలతో మాత్రమే మార్చుకోవాలి. అన్నిటికన్న ముఖ్యం, ఈ మార్పిడిలో డబ్బు చేతులు మారరాదు.

పైకి ఎంత ముచ్చటైన సంత! ధనస్వామ్యపు నడిబొడ్డున డబ్బు లేని బజారు! కాని ఈ బజారులో అడుగుపెట్టడానికి ముందు టిక్కెట్టు కొనాలి. మార్చుకోవడానికి చేతిలో ఒక పిన్ను ఉండాలంటే సుమారు పది డాలర్లో, అంతకు పైనో పెట్టి ముందు దానిని కొనాలి. వస్తుమార్పిడి నిజమే, దాని గుమ్మం మాత్రం అమ్మకమే. ఇద్దరు పిల్లలు పిన్నులు మార్చుకొన్నంత మాత్రాన లోకంలో పిన్నుల సంఖ్య పెరగదు. పెరిగేది ఇంకొకటి కావాలన్న కోరిక. ఆ కోరిక చల్లారకుండా చూడడం కంపెనీ పని. అందుకే కొన్ని పిన్నుల వెనుక పరిమిత సంచిక అని చెక్కి, ఎన్ని చేశారో అంకె వేస్తారు. మిక్కీ తలగుర్తును చాటుగా చెక్కిన మరికొన్నిటిని అంగడిలో పెట్టకుండా ఉద్యోగుల నాడాలకే మొదట గుచ్చారు. లోహానికి కరువు లేదు, రంగుకు కరువు లేదు, పనిచేసే చేతులకు కరువు లేదు. కరువునే తయారుచేసి అమ్ముతున్నారు.

ఉద్యోగి స్థితి మరీ విచిత్రం. నాడా మీది పిన్నులు కంపెనీవి. అతడు ఇచ్చేది తనది కాదు, పుచ్చుకొనేది తనకు కాదు. మార్పిడిలో ఇద్దరు మనుషులు ఎదురుపడినట్లు కనిపిస్తారు గాని, అందులో ఒకడు నడిచే అంగడి బల్ల. మాస్కో వీధిలో రొమ్ము మీది బిళ్ళ విప్పి ఇచ్చిన యువకునికీ ఇతనికీ గల తేడా ఇదే.

ఇక పిన్నును తిప్పి వెనుక వైపు చూద్దాము. తరచు అక్కడ చైనాలో తయారైనదన్న చిన్న ముద్ర ఉంటుంది. రేకును అచ్చులో కొట్టి, అంచు కోసి, పూతపూసి, గళ్ళల్లో సూదితో రంగు నింపి, కాల్చి, మెరుగుపెట్టిన కార్మికుల చరిత్ర అంతా ఆ రెండు మాటలలో అణగిపోయింది. ఐతే అది పూర్తిగా అణగలేదు. అదే అచ్చులలో ఆర్డరుకు మించి పడినవీ, లోపముండి తీసివేసినవీ, దొంగ అచ్చులవీ బయటి బజారులో చవకగా వచ్చిపడుతున్నాయి. సేకర్తలు వాటిని స్క్రాపర్లు అని ఏవగించుకొంటారు. ఒకే అచ్చు, ఒకే రేకు, బహుశా ఒకే చేయి. ఒకటి అసలు, మరొకటి నకిలీ. తేడా వస్తువులో లేదు, హక్కుదారుని అనుమతిలో ఉన్నది. శాంతియాగో ఆర్చిబిషప్పు గుల్లలను కాపాడుకొన్నదీ ఇలాగే.

ఇంత చిన్న ఆటవస్తువు మీద ఇంత ఆగ్రహమెందుకని కొందరు మిత్రులు అడగవచ్చు. ప్రశ్న న్యాయమైనదే. అగ్గిపెట్టెల బొమ్మలూ, తపాలాబిళ్ళలూ పోగుచేసి బడి అరుగు మీద మార్చుకొన్న బాల్యం మనలో చాలామందికి ఉన్నది. ఆ ఆనందంలో కల్మషం లేదు. వినోదవనంలో మోకాళ్ళ మీద కూర్చొని పిన్ను మార్చుకొనే పిల్ల ఆనందంలోనూ లేదు. సేకర్తను గేలిచేసే విమర్శ తేలిక విమర్శ. మనిషికి మనిషితో ఇచ్చిపుచ్చుకోవాలన్న కోరిక ఉన్నది గనుకనే కంపెనీ దానికి కంచె వేయగలిగింది. నీరు లేనిచోట ఎవరూ గట్టు కట్టరు.

ఆ కంచె లోపల ఇంకొక బిళ్ళ కథ కూడా జరిగింది. మన వ్యాసానికి అదే కీలకం. 1941లో డిస్నీ చిత్రకారులు సంఘం కోసం సమ్మె చేశారు. 1947లో వాల్ట్ డిస్నీ అమెరికన్ వ్యతిరేక కార్యకలాపాల విచారణ సంఘం ముందు సాక్ష్యమిచ్చి ఆ సమ్మెను కమ్యూనిస్టులకు అంటగట్టాడు. ఈ మధ్యకాలంలో, 1945లో, కార్మికులు పనిచోట సంఘపు బిళ్ళ ధరించే హక్కును రిపబ్లిక్ ఏవియేషన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు నిలబెట్టింది. 1955లో డిస్నీల్యాండు తెరుచుకొన్నది. 2018లో వెలువడిన, అక్కడి ఉద్యోగుల సర్వేలో, పదిమందిలో ఒకరికి పైగా అంతకుముందు రెండేళ్లలో ఎప్పుడో ఒకప్పుడు తలదాచుకొనే ఇల్లు లేక గడిపామన్నారు.

2024లో అక్కడి 14,000 మంది కార్మికుల సంఘాలు వేతన ఒప్పందం కోసం పోరాడుతూ ఒక బిళ్ళ తయారుచేసినవి. దాని మీద మిక్కీ తొడుగు వేసుకొన్న చేయి - పిడికిలి బిగించినది. అది ధరించినందుకు ఆరువందల మందికి పైగా కార్మికులను యాజమాన్యం బెదిరించిందనీ, కొందరి మీద చర్య తీసుకొన్నదనీ సంఘాలు జూన్‌లో కార్మిక సంబంధాల బోర్డుకు ఫిర్యాదు చేసినవి. జూలైలో సమ్మెకు అనుకూలంగా భారీ ఆధిక్యంతో ఓటు వేశారు. సమ్మె జరగకుండానే ఒప్పందం కుదిరి, కనీస వేతనం గంటకు 24 డాలర్లకు పెరిగింది.

ఆలోచించండి. రొమ్ము మీద పన్నెండు పిన్నులు పెట్టుకొని తిరగడం వినోదవనంలో ఉద్యోగధర్మం. పదమూడవది తగాదా అయినది. ఎందుకు? ఆ పన్నెండూ మార్పిడికి పెట్టినవి. పదమూడవది మార్పిడికి కాదు. దాన్ని పెట్టుకొన్నవాడు కంపెనీ మాట కాక తన మాట చెబుతున్నాడు.

మనకు ఈ సంగతి విదేశీ గ్రంథాలు చదివి తెలుసుకోవలసినది కాదు. మన ఉపాధ్యాయులు, బస్సు కార్మికులు, ఆసుపత్రి సిబ్బంది నల్లబ్యాడ్జీలు ధరించి పనికి హాజరైన రోజులు ఎన్నో. నల్లగుడ్డ పీలిక, ఒక గుండుసూది. అచ్చు లేదు, పూత లేదు, సంచిక అంకె లేదు. దానిని ఎవరూ సేకరించరు, ఎవరూ మార్చుకోరు, సాయంత్రానికి విప్పి పారేస్తారు. ఐనా బిళ్ళబంట్రోతు ఇత్తడి బిళ్ళ చెప్పలేని మాట ఆ పీలిక చెబుతుంది. ఇత్తడి బిళ్ళ ఇతడు ఎవరివాడో చెప్పింది. గుడ్డ పీలిక ఇతడు ఎవరితో ఉన్నాడో చెబుతుంది.

సత్యవేడు రోడ్డు మీద బస్సు వచ్చింది. పిల్లలు కార్డులు సర్దుకొని ఎక్కుతున్నారు. ఆ కార్డు మీద పేరున్నది, ఫోటో ఉన్నది, అంకె ఉన్నది. అందులో వారు స్వయంగా రాసుకొన్న మాట ఒక్కటీ లేదు. ఆ మాట కోసం నాడా మీద చోటు సంపాదించడం ఈ తరం ముందున్న పని.