అంబాసిడర్ కారు లోపలి కథ



కారు చరిత్ర అనగానే ఇంజను గురించి చెప్పుకోవడం మనకు అలవాటు. ఈ రోజు నేను మీతో ముచ్చటించబోయేది కారు లోపలి సీట్లు, తలుపుల అట్టలు, కాళ్ళ కింది పరుపుల గురించి. మన బళ్లారి ప్రాంతంలో పెళ్ళివారిని మోసినా, అర్ధరాత్రి రోగిని ఆసుపత్రికి చేర్చినా ఒకప్పుడు ఎక్కువగా అంబాసిడరే కదా! అందుకని దాని సంగతే చెబుతాను.

హిందుస్థాన్ మోటార్స్ 1942లో గుజరాత్ తీరాన ఓఖా రేవులో మొదలై, తరువాత బెంగాలులోని ఉత్తరపారాకు మారింది. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాతో 1950ల చివర అక్కడ అంబాసిడర్ తయారయింది. 2014 మే నెలలో ఆగిపోయింది. అన్నేళ్ళలో బండి పై రూపు పెద్దగా మారలేదు. మారింది లోపలే. పాత బండ్లలో గేరు కడ్డీ స్టీరింగు పక్కన ఉండేది, ముందు సీటు బెంచీలాగా ఒకటే. డ్రైవరు పక్కన ఇద్దరు కూర్చోవచ్చు. మన టాక్సీవాళ్ళు ముగ్గుర్ని కూర్చోబెట్టారంటే అది వేరే సంగతి! 1990లలో ఇసుజు ఇంజనుతో వచ్చిన రకంలో గేరు కిందికి దిగింది, ముందు సీటు రెండుగా విడిపోయింది.

ఆ పాత సీటు విప్పితే అడుగున ఇనుప స్ప్రింగులు, వాటిపై గోనెగుడ్డ, ఆపైన కొబ్బరి పీచు, దూది, అన్నిటికీ మీద రెక్సిను. రెక్సిన్ అన్నది నిజానికి ఒక ఇంగ్లీషు కంపెనీ పెట్టుకున్న వ్యాపారనామం. మన నోళ్ళలో పడి వస్తువు పేరే అయిపోయింది. సీటు కుంగితే మనం రెక్సిన్‌ను తిడతాం గాని, తరచుగా ముందు చిరిగేది గోనెగుడ్డ. అది చిరిగాక స్ప్రింగు పీచులోకి దూసుకొస్తుంది.

మా మేనమామగారి మార్క్ టూ బండికి ఇదే జరిగింది. పట్నంలో ఒక దుకాణంలో ఇచ్చాం. ఒక్క రోజులో పాతదంతా పీకి పారేసి, మందపాటి ఫోము వేసి, తళతళలాడే కవరు తొడిగారు. చూడ్డానికి బాగుంది. కూర్చుంటే తల పైకప్పుకు, తొడలు స్టీరింగుకు తగిలాయి! మామయ్య దాన్ని మళ్ళీ నడపలేదు. ఆయన పోయాక మా అత్తయ్య, “ఆయన కూర్చున్నట్టుగానే చేయించు నాయనా” అంది. చేయించడానికి కొలత ఏదీ? పాత కవరు చెత్తలో కలిసిపోయింది.

చివరికి గుంతకల్లులో అలాంటి బండే ఉన్న ఒక పెద్దాయన దయ తలిచారు. సీటు మీద వార్తాపత్రికలు పరిచి, ఒక్కొక్క ముక్కనూ గీసుకుని, కత్తిరించి తెచ్చుకున్నాం. ముసలి కుట్టుపనివాడొకాయన విరిగిన స్ప్రింగులు మాత్రం మార్చి, మిగిలినవి పురికొసతో బిగించి, కొత్త గోనెగుడ్డ కుట్టాడు. పని మూడు వారాలు పట్టింది.

అందుచేత మీ ఇంట్లో అలాంటి బండి ఉంటే పాత కవరును చింపనివ్వకండి. కుట్లు బ్లేడుతో విప్పించి, ముక్కలకు సుద్దతో అంకెలు వేయండి. కొత్తదానికి అవే నమూనా. తలుపు అట్ట ఉబ్బితే కొత్త అట్ట ఒక్కటే చాలదు. అద్దం సందులోంచి దిగే వాననీరు తగలకుండా రేకుకూ అట్టకూ మధ్య ప్లాస్టిక్ కాగితం పరచాలి. కాళ్ళ కింది పరుపు తడిస్తే వెంటనే ఎత్తి ఆరబెట్టండి. లేకుంటే ఈసారి మార్చవలసింది పరుపు కాదు, దాని కింది రేకు.

యాభై ఏళ్ళు దాటిన బండ్లకు 2021లో కేంద్ర ప్రభుత్వం ప్రత్యేక రిజిస్ట్రేషను నిబంధనలు తెచ్చింది. బండి మూలరూపంలోనే ఉండాలంటూ ఛాసిస్, బాడీ, ఇంజను మార్పుల గురించి అందులో చెప్పారు. సీటులోని కొబ్బరి పీచు గురించి ఏ ప్రభుత్వం చెబుతుంది లెండి!

అత్తయ్య ఇప్పుడు ఆదివారాలు ఆ ముందు సీట్లో కాసేపు కూర్చుంటుంది. బండి కదలకపోయినా సరే. ఆ కాగితపు నమూనాలు మా అటక మీద భద్రంగా ఉన్నాయి. మార్క్ టూ ఉన్నవారు వచ్చి కొలుచుకోవచ్చు. సెలవు.