వేట దొరలది, రోగం మనది

విశాఖ ఏజెన్సీలో దొమ్మరోగం, అంటే ఆంత్రాక్స్, వార్త వచ్చినప్పుడల్లా పట్నంలో ఒక మాట వినబడుతుంది: "వాళ్లు ఏది పడితే అది తింటారు." ఈ మాటలో వైద్యం తక్కువ, కులం ఎక్కువ. ఏ మాంసం తినొచ్చు, ఏది తింటే ప్రాణం మీదికొస్తుంది అన్నది తప్పక అడగాల్సిన ప్రశ్నే. అయితే ఆ ప్రశ్నకో చరిత్ర ఉంది.

ఏజెన్సీ ఆదివాసులకు చైత్రమాసంలో ఇటుకల పండగ. మగవాళ్లు గుంపుగా వేటకి పోయేవారు. వట్టిచేతుల్తో తిరిగొస్తే ఆడవాళ్లు పేడనీళ్లు చల్లి ఎగతాళి చేసేవారు. దొరికిన మాంసం ఊరంతా పంచుకునేవారు. అది పరిగెత్తే జంతువుని కొట్టి తెచ్చుకున్న మాంసం, చచ్చిపడున్నది కాదు.

1882 మద్రాసు అటవీ చట్టంతో అడవి సర్కారుదైంది. 1972 వన్యప్రాణి చట్టంతో వేట నేరమైంది. ఆదివాసుల హక్కుల కోసమే తెచ్చిన 2006 అటవీ హక్కుల చట్టం కూడా సంప్రదాయ వేటను మినహాయించింది. జంతువుల్ని కాపాడొద్దని ఎవరూ అనరు. కానీ విజయనగరం రాజకుమారుడు విజ్జీ మూడొందలకు పైగా పులుల్ని చంపాడని గొప్పగా చెప్పుకున్నారు. దొర చంపితే షికారు, ఆదివాసి చంపితే దొంగతనమా?

మైదానంలో కథ వేరు, ఫలితం అదే. చచ్చిన గొడ్డును ఈడ్చడం మాదిగలకు కులం అంటగట్టిన వెట్టి. ఆ కళేబరమే కూలి. 1927లో మహాడ్‌లో అంబేద్కర్ చచ్చిన గొడ్డు మాంసం మానమన్నది ఆత్మగౌరవం కోసం. ఆ పిలుపు మనవాళ్లకి మనవాడిచ్చింది. పైకులాల ఈసడింపుతో దాన్ని కలపకూడదు.

ఇక రోగం సంగతి. దొమ్మరోగపు బీజాలు మట్టిలో దశాబ్దాలు బతుకుతాయి. మేసే పశువుకీ, అదే గడ్డి మేసే దుప్పికీ సోకుతాయి. మాంసాన్ని ఎండబెట్టినా, పొగబెట్టినా చావవు. మామూలుగా ఉడికించినా నమ్మకం లేదు. తినకముందే, కోసేవాడి చేతి గాయంలోంచి ఎక్కి నల్లటి పుండవుతుంది. త్వరగా మందు పడితే నయమవుతుంది. అందుకే హఠాత్తుగా చచ్చిన జంతువుని, ముక్కు నోట నల్లటి నెత్తురు కారినదాన్ని, కొయ్యనే కూడదు. అడవిపంది మాంసంలో పురుగులుంటాయి, లోపలిదాకా బాగా ఉడకాలి.

పట్నంలో కబేళా మాంసాన్ని పశువైద్యుడు చూడాలని నియమం ఉంది. చాటుగా కొట్టిన అడవి మాంసాన్ని ఎవరికి చూపిస్తారు? చూపిస్తే కేసు. నేరం చేసి దాచిపెట్టించిన తిండికి పరీక్ష ఉండదు.

విశాఖ జిల్లాలో చర్మానికొచ్చిన ఆంత్రాక్స్ గురించి 2005లో ఒక వైద్యపత్రికలో వ్యాసం వచ్చింది. దాని శీర్షికలోనే ఈ జిల్లా ఆ రోగానికి స్థావరం కాదన్నారు. ఆ తర్వాత కూడా ఏజెన్సీ నుంచి వార్తలు వస్తూనే ఉన్నాయి. రోగులు కొండలు దిగి ఓడరేవు, ఉక్కు ఫ్యాక్టరీ ఉన్న నగరానికి, 1923 నాటి కింగ్ జార్జి ఆసుపత్రికి రావాల్సి వచ్చేది.

పశువులకి టీకా పనిచేస్తుందని పాశ్చర్ 1881లోనే బహిరంగంగా చూపించాడు. 140 ఏళ్లు దాటింది. ప్రతి గూడెంలో పశువులకి వేళకి టీకా వెయ్యాలి. చచ్చిన పశువుకి పరిహారమిస్తే, దాన్ని కోసుకోవాల్సిన అవసరం ఆ ఇంటికి ఉండదు. లోతుగా పాతిపెట్టడానికి సున్నం, మనుషులూ ఇవ్వాలి. ఇవేవీ చెయ్యకుండా "తినొద్దు" అని మైకులో చెప్పిపోవడం ఆరోగ్య ప్రచారం కాదు. తిండిని నిందించే ముందు, టీకా కొండెక్కడానికి ఇన్నేళ్లు ఎందుకు పట్టిందో చెప్పాలి.