దాగలిలో దాగిన రాయి
(బళ్ళారి సీమ కమ్మరం, దాని మాటలు)

బళ్ళారిలోని బ్రూస్‌పేట పేరు వినగానే అది రాబర్ట్ బ్రూస్ ఫుట్ పేరు మీద వెలిసిన పేట అనుకునేవారున్నారు. అది పొరపాటు. పేట పేరులోని బ్రూస్ వేరు. అతడు పంతొమ్మిదో శతాబ్ది తొలినాళ్ళలో బళ్ళారిలో జడ్జిగా పనిచేసిన ఇంగ్లీషు ఉద్యోగి. ఫుట్ (1834-1912) భూగర్భశాస్త్రజ్ఞుడు. బళ్ళారి జిల్లా నేల, రాయి, ఖనిజాల మీద ఆయన రాసిన గ్రంథం 1895లో వెలువడింది. పేటకూ ఆయనకూ సంబంధం లేకపోయినా ఈ పొరపాటు మనకు ఒకందుకు పనికివస్తుంది. చేతితో కత్తి, గొడ్డలి చేయడం ఈ సీమలో ఎలా నేర్చుకుంటూ వచ్చారన్న ప్రశ్న వేసుకుంటే, బ్రూస్‌పేట నుంచి ఫుట్ చూసిన కొండ దాకా నడవక తప్పదు. ఆ కొండ ఊరికి దూరం కూడా కాదు.

బళ్ళారి శివార్లలోని సంగనకల్లు, కప్పగల్లు కొండల మీద నవీన శిలాయుగపు మనుషుల ఆనవాళ్ళను ఫుట్ 1872లో గుర్తించాడు. ఆ తరువాత సుబ్బారావు మొదలుకొని ఎందరో పురావస్తు పరిశోధకులు అక్కడ తవ్వకాలు జరిపారు. ఈ పరిశోధనలన్నిటివల్ల తేలిందేమంటే, హిరేగుడ్డ అనే కొండ ఒక పెద్ద గొడ్డళ్ళ కార్ఖానా. కొండను చీల్చుకొని పోయే నల్లని డోలరైటు రాతిని పగలగొట్టి, చెక్కి, అరగదీసి గొడ్డళ్ళు చేసేవారు. క్రీస్తుకు పూర్వం రెండో సహస్రాబ్దిలో ఈ పని ముమ్మరంగా సాగింది. చెక్కు ముక్కలు కుప్పలుగా దొరకడమే కాక సగంలో విరిగి పారేసినవి కూడా బోలెడు దొరికాయి. వాటిలో కొన్నైనా నేర్చుకునేవాళ్ళ చేతుల్లో విరిగి ఉంటాయని ఊహించడం తప్పు కాదు. రాతి పనిలో ఒక దెబ్బ ఎక్కువ పడితే పోయిన ముక్క తిరిగి అతకదు. ఇనుముతో అలా కాదు. వంకర పోయిన ఇనుమును మళ్ళీ కొలిమిలో పెట్టి సరిచేయవచ్చు. రాతిని నమ్ముకున్న మనిషికి ఇనుము ఇచ్చిన మొదటి వరం పదును కాదు, తప్పు దిద్దుకునే అవకాశం అని నాకనిపిస్తుంది.

ఆ రాయి ఎక్కడికీ పోలేదు. కమ్మరి మాటలో ఉండిపోయింది. ఇనుమును ఏ దిమ్మె మీద పెట్టి కొడతారో దానిని తెలుగులో దాగలి అంటాం. కన్నడంలో అడెగల్లు, తమిళంలో అడైకల్. బరో, ఎమెనోల ద్రావిడ వ్యుత్పత్తి కోశం (1961, సవరించిన ముద్రణ 1984) ఈ మాటలన్నిటినీ ఒకే పద్దు కింద చేర్చింది. దాకలి, దాకల్లు అన్న రూపాలు కూడా తెలుగులో ఉన్నాయి. మొదట అచ్చు, తరువాత హల్లు ఉన్న ధాతువు తెలుగులో తారుమారై హల్లు ముందుకు రావడం మనకు కొత్త కాదు. 'ఉళ్' దగ్గర నుంచి వచ్చిన 'లో' అటువంటిదే. అలా 'అడె' కాస్తా 'దా' అయింది. చివరి 'గలి' మాత్రం 'కల్లు', అంటే రాయి. ఇవాళ దాగలి ఇనుప దిమ్మె. దానిని పిలిచినప్పుడల్లా మనం రాతినే పిలుస్తున్నాం. సంగనకల్లులోని కల్లు, తోరణగల్లులోని గల్లు, దాగలిలోని గలి ఒకటే.

బ్రూస్‌పేట వంటి చోట ఈ పోలికకు మరింత విలువ ఉంది. అక్కడ ఇంట్లో తెలుగు, బజారులో కన్నడం, లేదా దానికి తలకిందులుగా మాట్లాడేవారు ఎప్పుడూ ఉన్నారు. మద్రాసు రాష్ట్రంలోని బళ్ళారి జిల్లాను 1953లో విడదీసినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వచ్చాయి. బళ్ళారి తాలూకా ఎవరిదన్న తగువు మిశ్రా కమిషన్ దాకా వెళ్ళి, చివరకు అక్టోబరు 1న మైసూరులో కలిసింది. జనాభా లెక్కల్లో మాతృభాష అన్న గడి ముందు పెట్టుకొని ఊళ్ళను పంచారు. కొలిమి దగ్గర ఆ పంపకం సాధ్యమయ్యేదా? మనం కొలిమి అంటే వారు కులుమె అంటారు. తిత్తికి తిది, సుత్తికి సుత్తిగె, గొడ్డలికి కొడలి, కమ్మరికి కమ్మార. ఉక్కు ఇద్దరికీ ఉక్కే. యూరపు వారు వూట్జ్ అన్నది ఈ మాటనే. ఇక పటకారు దగ్గర వారు ఇక్కళ అని వేరైపోతారు. అన్నిటికంటె ఆశ్చర్యం, అసలు లోహం పేరే కలవదు: మనకు ఇనుము, వారికి కబ్బిణ. పనిముట్ల పేర్లు కలిసి, లోహం పేరు విడిపోవడం గురించి భాషాశాస్త్ర విద్యార్థులెవరైనా ఆలోచించాలి.

ఇక నేర్చుకోవడం సంగతి. కమ్మరం పుస్తకంలో దొరికేది కాదు. పని అంచెలంచెలుగా చేతికి వస్తుంది. పిల్లవాడికి మొదట ఇచ్చేది సుత్తి కాదు, తిత్తి. గాలి కొట్టడం చిన్న పనిగా కనిపిస్తుంది. కానీ అక్కడ కూర్చున్నవాడి కళ్ళు రోజంతా నిప్పు మీదే ఉంటాయి. ఏ గాలికి ఏ రంగు వస్తుందో వాడికి ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుంది. నల్లెరుపు సుమారు 700 డిగ్రీల దగ్గర, నారింజ రంగు వెయ్యి దాటేటప్పుడు, తెలుపు 1300 దగ్గర. ఈ అంకెలు మనవి, వాడివి కావు. కొలిమిని చీకటిగా ఉన్న పాక కింద పెట్టడానికి కారణం ఇదే. ఎండలో ఇనుము రంగు కళ్ళను మోసం చేస్తుంది. తిత్తి తరువాత సమ్మెట. పెద్దవాడు చిన్న సుత్తితో ఎక్కడ తట్టి చూపితే అక్కడ బరువు దెబ్బ వేయాలి. ఇద్దరి మధ్య మాట ఉండదు, తాళం ఉంటుంది.

ఆ తరువాత కత్తి. ఇప్పుడు ఎక్కువగా వాడేది లారీ కమాను పట్టీ. అందులో కార్బన్ నూటికి అరపాలు పైచిలుకు ఉంటుంది కాబట్టి పదును నిలుస్తుంది. కత్తి చేయడం తేలిక అనుకున్నవాడు మొదటి రోజే ఓడిపోయేది ఒక చోట ఉంది. అంచు పలచబడాలని ఒకవైపు కొడుతూ పోతే ఆ వైపు ఇనుము సాగి, కత్తి మొత్తం వీపు వైపుకు వంగిపోతుంది. అందుచేత తెలిసినవాడు ముందే దానిని అంచు వైపుకు కొంచెం వంచి పెట్టుకుంటాడు. కొట్టే కొద్దీ అది తనంతట తానే నిటారవుతుంది. రాబోయే వంకరను ముందే లెక్కకట్టి ఎదురు వంకర పెట్టడం చెబితే అర్థమవుతుంది. చేతికి రావాలంటే మాత్రం కొన్ని పట్టీలు పాడుకావలసిందే.

గొడ్డలి ఇంకా కష్టం. పాత పద్ధతిలో మెత్తని ఇనుప పట్టీని ఒక కడ్డీ చుట్టూ మడిచి, కామ దూర్చే కన్నం నిలిపి, రెండు కొసల మధ్య ఉక్కు ముక్క ఇరికించి, తెల్లగా కాలిన క్షణంలో అతుకుతారు. మట్టు కరగడానికి ఇసుక చల్లుతారు. కాక చాలకపోతే అతకదు, మించితే నిప్పురవ్వలు చిమ్ముతూ ఉక్కు మాడిపోతుంది. ఒళ్ళు మెత్తన, నోరు గట్టి అన్నది గొడ్డలి రహస్యం. అంతా ఉక్కయితే మొద్దు మీద పడ్డప్పుడు పగులుతుంది, అంతా ఇనుమైతే అంచు మడతపడుతుంది.

చివరిది పాయనం. ఎర్రగా కాల్చిన అంచును నీటిలోనో నూనెలోనో ముంచితే అది గాజులా పెళుసవుతుంది. అప్పుడు పైకి తీసి, రాతితో రుద్ది మెరిపించి చూస్తూ ఉండాలి. వెనుక భాగంలో మిగిలిన వేడి మెల్లగా అంచుకు పాకుతుంటే రంగులు నడుస్తాయి: ముందు ఎండుగడ్డి రంగు, తరువాత గోధుమ రంగు, ఊదా, నీలం. చిన్న కత్తికి గడ్డి రంగు దగ్గర ఆపాలి. గొడ్డలికి ఊదా దాకా రానివ్వాలి. ఆపడమంటే మళ్ళీ నీటిలో ముంచడమే. తేడా కొద్ది క్షణాలు. పాయనం అనే మాటకు సంస్కృతంలో తాగించడం అని అర్థం. ఆరవ శతాబ్దికి చెందిన వరాహమిహిరుడు తన బృహత్సంహితలో కత్తికి ఏమేమి తాగించాలో చెప్పాడు. అతడి శాస్త్రపు మాట కొలిమి దాకా వచ్చిందో, కొలిమి మాటే అతడి దాకా వెళ్ళిందో గాని, కమ్మరి కత్తికి ఇంకా నీళ్ళు తాగిస్తూనే ఉన్నాడు.

ఇంత విద్య ఉన్నా రాతపూర్వక చరిత్రలో నేర్చుకున్నవాడి జాడ అరుదు. నిజాం రాజ్యంలోని కోనసముద్రంలో ఉక్కు తయారీని చూసిన హెన్రీ వాయిసీ వ్యాసం 1832లో అచ్చయింది. అందులో మూసలు, ముడి ఇనుము, ఉక్కు కొనడానికి ఇస్ఫహాన్ నుంచి వచ్చిన వర్తకుడు ఉన్నారు. డబ్ల్యు. ఫ్రాన్సిస్ 1904 నాటి బళ్ళారి గెజిటీరు కమలాపురంలో చెరకు రసం కాచే పెద్ద ఇనుప పెనాలను పేర్కొంది. (కమలాపురం 2021 నుంచి విజయనగర జిల్లాలో ఉంది.) థర్‌స్టన్ 1909లో 'బైట కమ్మర' అనే పేరును నమోదు చేశాడు. ఊరి బయట, ఆరుబయట పనిచేసే కమ్మరులట. కమ్మరం గొప్పదని ఎంత చెప్పినా, చేసేవాడిని ఊరి బయట ఉంచిన సంగతి ఆ పేరులోనే ఉంది. ఈ విద్య కులం గడప దాటి బయటివాడికి దొరకలేదన్నది కూడా దాచవలసిన సంగతి కాదు. తిత్తి దగ్గర కూర్చున్న ఆడవాళ్ళను ఎవరూ కమ్మరులుగా లెక్కించలేదు.

ముడిరాయిని కరిగించే పని ముందు పోయింది. ఇంగ్లండు కడ్డీలు చవకగా వచ్చాయి. 1882 నాటి మద్రాసు అడవి చట్టం తరువాత బొగ్గుకు చెట్టు కొట్టడం కష్టమైంది. కమ్మరి మిగిలాడు గాని అతడి ఇనుము పరాయిదైంది. కర్రులు, గుంటక పాసలు, బండి పట్టాలు, ఎద్దుల లాడాలు అతడిని కొంతకాలం నిలబెట్టాయి. ట్రాక్టరు వచ్చాక అవీ తగ్గాయి. సండూరు కొండల ఇనుపరాయి ఇప్పుడు తోరణగల్లులో జిందాల్ సంస్థ 1990లలో నెలకొల్పిన కర్మాగారానికి పోతుంది. ఆ పొగ కనిపించేంత దూరంలోనే ఎవరైనా కమ్మరి లారీ కమాను పట్టీ కోసం పాత ఇనుప సామాన్ల కొట్టు వెతుక్కోవలసిన కాలం.

కేంద్ర ప్రభుత్వం 2023 సెప్టెంబరులో ప్రారంభించిన విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో కమ్మరం ఒకటి. అందులో ప్రాథమిక శిక్షణ 5 నుంచి 7 రోజులు. పనిముట్లకు రూ.15,000. పని వచ్చినవాడికి అది మంచి సాయమే. తిత్తి దగ్గర గడిపిన బాల్యానికి మాత్రం ఏడు రోజులు సాటిరావు. అలాగని పిల్లలను తిరిగి తిత్తి దగ్గర కూర్చోబెట్టమని ఎవరనగలరు?

మన పనికి వస్తే, భద్రిరాజు కృష్ణమూర్తి పూనికతో మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటం, వ్యవసాయ పదాలతో, 1962లో వచ్చింది. 1971లో చేనేత సంపుటం వచ్చింది. బళ్ళారి అప్పటికే సరిహద్దుకు ఆవల ఉంది. అందుచేత బళ్ళారిలో, కోలారులో, హోసూరులో చదువుకునే విద్యార్థులకు ఒక కోరిక. మీ ఊళ్ళో కొలిమి ఇంకా వెలుగుతుంటే ఒక పూట అక్కడ కూర్చోండి. గొడ్డలి కన్నాన్ని ఏమంటారు, పిడిలోకి దిగే కత్తి తోకను ఏమంటారు, గడ్డి రంగుకూ ఊదా రంగుకూ మధ్య వచ్చే ఆ రంగుకు పేరేమిటి, చిన్నప్పుడు మొదట చేసిన వస్తువేది, ఎన్ని పాడుచేశాక అది కుదిరింది అని అడగండి. జవాబు ఏ భాషలో వస్తే ఆ భాషలోనే రాసుకోండి. తెలుగులో సగం, కన్నడంలో సగం వస్తే అలాగే ఉంచండి.